పద్నాలుగింట పదిహేను

హైమావతికి అకౌంటింగులో డెబ్బై ఒకటి వచ్చాయి. బయాలజీలో అరవై ఎనిమిది. కంప్యూటర్లలో డెబ్బై నాలుగు. ఈ మూడూ ఆమె కష్టపడి చదివిన సబ్జెక్టులు. ఇష్టపడి చదివింది ఒక్క స్టాటిస్టిక్స్. అందులో ముప్ఫై మూడు వచ్చాయి. పాసవడానికి ముప్ఫై ఐదు కావాలి.

కొత్తరేవు డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు ముందు నిలబడి, తన నెంబరు మీద వేలు పెట్టి, గీత వెంబడి మూడుసార్లు అడ్డంగా వెళ్లి చూసుకుంది. మూడుసార్లూ ముప్ఫై మూడే. ఫైనలియర్‌లో నూట నలభై మంది ఉంటే నూట ముప్ఫై తొమ్మిది మంది పాసయ్యారు. మిగిలిన ఆ ఒక్కతీ తనే.

ఆమె సంచిలో మత్స్యశాఖ ఉత్తరం ఉంది. చేపల రేవు ఆఫీసులో గణాంక సహాయకురాలి ఉద్యోగం. ఇంటర్వ్యూలో మొదటి స్థానం ఆమెదే. జూన్ ముప్ఫయ్యో తేదీ సాయంత్రం ఐదులోపు డిగ్రీ పాసైనట్టు కాగితం చూపించాలి. లేకపోతే ఉద్యోగం రెండో స్థానంలో ఉన్న అబ్బాయికి వెళ్లిపోతుంది. ఆ అబ్బాయి రెండు రోజులకోసారి ఫోన్ చేసి, "సర్టిఫికెట్టు వచ్చిందా అండీ?" అని ఎంతో అభిమానంగా కనుక్కుంటున్నాడు.

ఆ రోజు జూన్ ఎనిమిది.

జవాబు పత్రం నకలు తెప్పించుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. అది పట్టుకుని ఆమె తిన్నగా స్టాఫ్ రూముకి వెళ్లింది. స్టాటిస్టిక్స్ చెప్పే పేడాడ అచ్యుతరావు మాస్టారు న్యూస్ పేపరు మీద వేరుశనక్కాయలు పోసుకుని ఒలుస్తున్నారు.

"సార్, ఏడో లెక్కకి సున్నా వేశారు."

"ఏం రాశావమ్మా?"

"పదిహేను బై ఇరవై ఎనిమిది."

"మరి సున్నాయే కదా వస్తాది," అన్నారాయన, ఒక గింజ నోట్లో వేసుకుంటూ.

ఏడో లెక్క ఇది. ఒక సంచిలో ఐదు ఎర్ర బంతులు, మూడు నల్ల బంతులు ఉన్నాయి. చూడకుండా రెండు తీస్తే, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది అయ్యే సంభావ్యత ఎంత? ఎనిమిది బంతుల్లోంచి రెండింటిని ఇరవై ఎనిమిది రకాలుగా తీయవచ్చు. వాటిలో పదిహేను జతల్లో చెరో రంగూ ఉంటుంది. కాబట్టి జవాబు పదిహేను బై ఇరవై ఎనిమిది. సగం కంటే రవ్వంత ఎక్కువ. ఇంటర్ పిల్లలు కూడా చేసే లెక్క.

కాలేజీ కీలో మాత్రం జవాబు పదిహేను బై పద్నాలుగు అని ఉంది. ఎనిమిదిని ఏడుతో గుణిస్తే యాభై ఆరు. అందులో సగం ఇరవై ఎనిమిది. కీ తయారుచేసిన మహానుభావుడు ఆ సగాన్ని ఏదో ధ్యాసలో మరోసారి సగం చేశాడు. కాలేజీకి స్వయంప్రతిపత్తి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. అంటే ప్రశ్నలూ, జవాబులూ, మార్కులూ అన్నీ కాలేజీ ఇష్టమే. ఆ పంతొమ్మిదేళ్లూ ఆ లెక్క ప్రతి ఏడూ వచ్చింది. ప్రతి ఏడూ ఆ జవాబుకే మార్కులు పడ్డాయి.

"సార్, పదిహేను బై పద్నాలుగంటే ఒకటి దాటిపోయింది కదా! సంభావ్యత ఒకటి ఎలా దాటుతుంది?"

"దాటదు. నాకు తెలీదా? నేనూ ఈ కాలేజీలోనే చదివాను, మొదటి బ్యాచి." మాస్టారు గొంతు తగ్గించారు. "ఆఖరి క్లాసుకి నువ్వు రాలేదా?"

హైమావతికి అప్పుడు అర్థమైంది. ఆ కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాదంతా మాస్టార్లు సరైన లెక్కలే చెబుతారు. ఆఖరి క్లాసులో తలుపు వేసి, పరీక్షలో ఏం రాయాలో చెబుతారు. నాలుగు సబ్జెక్టులకూ అంతే. స్టాటిస్టిక్స్‌లో అలాంటి సొంత జవాబులు తొమ్మిది ఉన్నాయి. ఆ రోజు ఆమె రాలేదు. మత్స్యశాఖ ఇంటర్వ్యూలో, సంభావ్యత అంటే ఏమిటో వివరించి, మొదటి స్థానం తెచ్చుకుంటోంది.

"కీ రాసిందెవరు సార్?"

అచ్యుతరావు మాస్టారు తలుపు వైపు ఒకసారి చూసి, వేరుశనక్కాయ పట్టుకున్న వేలితో పైకప్పు చూపించారు. పై అంతస్తులో ఉన్నది ప్రిన్సిపాల్ గది ఒక్కటే.

ఇంటికెళ్లి అమ్మతో చెప్పింది. అమ్మ సూరమ్మ రేవు దగ్గర టీ హోటలు నడుపుతుంది. ఆ వేళప్పుడు పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది.

"రెండు రంగులూ కలిసి వచ్చే అవకాశం నూటికి నూట ఏడంట అమ్మా, మా కాలేజీలో."

సూరమ్మ చెయ్యి ఆగింది. "నూరుసార్లు సంచిలో సెయ్యెడితే నూట ఏడుసార్లు ఎలగొస్తాదే? ఆ ఎగస్ట్రా ఏడుసార్లూ సెయ్యి ఎవులెడతారు?"

మూడేళ్లలో స్టాటిస్టిక్స్ గురించి హైమావతి విన్న ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది లేదు. దానికి జవాబు రెండు వారాల్లో దొరుకుతుందని ఆమె అప్పుడు అనుకోలేదు.

*

ప్రిన్సిపాల్ డాక్టర్ మండవిల్లి భూషణరావు గారు ఆమె అర్జీని రెండు చేతులతో అందుకున్నారు. పూర్తిగా చదివారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"విద్యార్థినీ, నువ్వు సత్యాన్ని కనుగొన్నావు. ఈ సంస్థ అధిపతిగా నాకు గర్వంగా ఉంది."

"అయితే మార్కులు వేస్తారా సార్?"

"అది వేరు. పరీక్ష సత్యానికి పెట్టలేదు తల్లీ, కీకి పెట్టాం. నీ ఒక్కదాని కోసం కీ మార్చామనుకో. పంతొమ్మిది బ్యాచ్‌లు, రెండు వేల ఆరు వందల మంది జవాబు పత్రాలు మళ్లీ దిద్దాలి. వాళ్లలో బ్యాంకు మేనేజర్లున్నారు. తహసీల్దార్లున్నారు. నీకు స్టాటిస్టిక్స్ చెప్పిన అచ్యుతరావు ఉన్నాడు. ఆ ఐదు మార్కులూ తీసేస్తే అతను డిగ్రీ ఫెయిలు. ఫెయిలైనవాడు చెప్పిన పాఠం చెల్లదు. చెల్లని పాఠం విన్న నువ్వు పరీక్ష రాయడానికే అనర్హురాలివి. నీ క్షేమం కోరి చెబుతున్నాను."

ఇందులో తప్పెక్కడుందో హైమావతికి వెంటనే దొరకలేదు. ఆమె తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "సార్, నేను లిఖితపూర్వకంగా అర్జీ పెట్టాను. లిఖితపూర్వకంగానే జవాబివ్వండి."

భూషణరావు గారు ఈ ప్రపంచంలో దేనికైనా సిద్ధపడగలరు, సంతకం పెట్టి 'తప్పు' అని రాయడానికి తప్ప. ఆయన ఒక సంఘం వేశారు.

దాని పేరు సంభావ్యతా సమన్వయ సంఘం. అచ్యుతరావు మాస్టారికి సబ్జెక్టు తెలుసు కాబట్టి నిష్పక్షపాతంగా ఉండలేరని ఆయన్ని తీసుకోలేదు. అకౌంటింగు మేడం, బయాలజీ మాస్టారు, కంప్యూటర్ల సారు సభ్యులు. అర్జీదారు హోదాలో హైమావతిని గోడ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు.

ముందు ప్రయోగం చేయాలన్నారు బయాలజీ మాస్టారు. ఆటల గదిలో వాలీబాళ్లు తప్ప వేరే బంతులు లేకపోవడంతో ల్యాబులోంచి ఎర్ర పూసలు ఐదు, నల్ల పూసలు మూడు తెచ్చి, అటెండరు టిఫిన్ సంచిలో వేశారు. ఇరవై ఎనిమిదిసార్లు తీశారు. పదహారుసార్లు చెరో రంగూ వచ్చింది.

"కీ ప్రకారం ఎన్నిసార్లు రావాలి?" అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"ఇరవై ఎనిమిదికి ముప్ఫై సార్," అంది హైమావతి స్టూలు మీంచి.

"సంచి సిలబస్‌కు అనుగుణంగా ప్రవర్తించలేదు," అని బయాలజీ మాస్టారు రాసుకున్నారు. "అయినా సార్, జీవశాస్త్రం దృష్టిలో చూడండి. ఒక జవాబు పంతొమ్మిదేళ్లు బతికి బట్టకట్టిందంటే దానికి బతికే లక్షణం ఉన్నట్టే. ఈ అమ్మాయి జవాబు మొదటి పరీక్షలోనే చచ్చిపోయింది."

కంప్యూటర్ల సారు లాప్‌టాప్ ముందుకు జరిపారు. "నేను ప్రోగ్రాం రాశాను సార్. పది లక్షలసార్లు బంతులు తీసింది. సున్నా పాయింట్ ఐదు మూడు వచ్చింది. అంటే ప్రోగ్రాంలో తప్పుంది."

"తప్పని ఎలా తెలిసింది?"

"కీతో కలవలేదు కదా సార్. సరిచేశాను. ఇప్పుడు జవాబు కీ కంటే తక్కువ వస్తే కీనే చూపిస్తుంది. చాలా వేగంగా కూడా పనిచేస్తోంది. బంతులు తీసే పని లేదు కదా."

అకౌంటింగు మేడం అప్పటిదాకా మాట్లాడలేదు. ఆవిడ ఒక కాగితం మధ్యన నిలువు గీత గీసి, ఎడమవైపు పదిహేను బై పద్నాలుగు, కుడివైపు పదిహేను బై ఇరవై ఎనిమిది వేశారు. కుడివైపు కింద ఇంకో పదిహేను బై ఇరవై ఎనిమిది చేర్చి, పక్కన, లెక్క తేలనివి పడేసే పద్దుగా, 'అనామతు ఖాతా' అని రాశారు. "ఇప్పుడు రెండువైపులా సమానం. నా వరకు ఏ అభ్యంతరమూ లేదు."

సాయంత్రానికి తీర్మానం టైపై వచ్చింది. హైమావతి దాన్ని నిలబడే చదివింది.

'సంభావ్యత ఒకటికి మించరాదన్న నియమాన్ని ఈ కళాశాల ప్రాంగణంలో తక్షణం సడలించడమైనది. ఇకమీదట గరిష్ఠ పరిమితి పదిహేను బై పద్నాలుగు, అనగా నూటికి నూట ఏడు పాయింట్ ఒకటి నాలుగు. దీనికి మించుట గాని, తగ్గుట గాని కీ ధిక్కారముగా పరిగణింపబడును.'

"మరి నా మార్కులు సార్?"

"నీ అర్జీ వల్లే ఇంత పెద్ద సంస్కరణ వచ్చింది," అన్నారు ప్రిన్సిపాల్ గారు ఆప్యాయంగా. "దానితో తృప్తి పడాలి."

*

ఉత్తర్వు అన్నాక అమలు కావాలి. మర్నాటి నుంచి అమలు మొదలైంది.

అటెండెన్సు తీసుకునే కంప్యూటరు నూరు దగ్గర ఆగిపోతుంటే కంప్యూటర్ల సారు ఆ అడ్డు తీసేశారు. సెలవు పెట్టని పిల్లలందరికీ నూట ఏడు శాతం హాజరు పడింది. పద్నాలుగు పాఠాలున్న పుస్తకంలో పదిహేనోది చెప్పాలని మాస్టార్లకు మెమోలు వెళ్లాయి. హాస్టల్లో పద్నాలుగు మంచాల మీద పదిహేను మంది ఎప్పట్నుంచో సర్దుకుంటున్నారు. ఇన్నాళ్లూ అది ఇబ్బంది. ఇప్పుడు శాస్త్రసమ్మతం. వార్డెన్‌కి ప్రశంసాపత్రం ఇచ్చారు.

హైమావతి రోజూ పదింటికి వచ్చి ప్రిన్సిపాల్ గది బయట బల్ల మీద కూర్చునేది. ఐదింటికి లేచి వెళ్లేది. జూన్ ఇరవై దాటింది. రెండో స్థానం అబ్బాయి ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఇరవై మూడో తేదీన ఢిల్లీ నుంచి కబురు వచ్చింది. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి తనిఖీ బృందం ముప్ఫయ్యో తేదీన వస్తోంది. ఉత్తీర్ణత శాతం పంపాలి.

పాసైంది నూట నలభైకి నూట ముప్ఫై తొమ్మిది. ఏ కాలేజీ అయినా మేళతాళాలతో చెప్పుకునే సంగతి. కానీ తీర్మానం ప్రకారం అది కీ ధిక్కారం. నూట నలభై మందికి పద్నాలుగింట పదిహేను వంతుల లెక్కన ఎంతమంది పాసవ్వాలి? అకౌంటింగు మేడం వేసి చూశారు. సరిగ్గా నూట యాభై మంది. ఒక్క పైసా కూడా శేషం రాలేదు. ఇంత చక్కగా భాగహారం కుదరడం దైవ సంకల్పమని ప్రిన్సిపాల్ గారు చెమ్మగిల్లిన కళ్లతో అన్నారు.

పదకొండు మంది తక్కువయ్యారు. ఆ లోటు పూడ్చే పని ఆఫీసు సూపరింటెండెంటు దాలినాయుడి మీద పడింది.

ఇరవై ఐదో తేదీన హైమావతి ఆయన బల్ల ముందు నిలబడింది. "నాయుడుగారూ, పదకొండు మంది కావాలట కదా. నేనున్నాను కదండీ. నన్ను పాస్ చేస్తే పది మందే కావాలి."

దాలినాయుడు తలెత్తలేదు. "ఆలస్యం సేసీసినావమ్మా. పదకొండూ నింపీసినాను. సూడు."

ఆమె జాబితా చూసింది. గంగాభవాని. సాగరిక. జలకన్య. శ్రీ వరుణదేవ్. మత్స్యగంధి. ఆమెకు నవ్వు ఆగలేదు.

"ఇవన్నీ రేవులో పడవల పేర్లు కదండీ!"

"మరేటి సెయ్యమంటావు? మా ఇంటి కిటికీలోంచి సూస్తే అవే కనపడతాయి. పదకొండు మందికి అమ్మానాన్నా పేర్లు, బ్లడ్ గ్రూపులు, లైబ్రరీలో బాకీ లేదన్న కాగితాలు, నూట ఏడు శాతం అటెండెన్సు. తల పగిలిపోతంది. పైగా అందరికీ ఫస్ట్ క్లాసే."

"ఫస్ట్ క్లాసా?"

"కీ సూసి నేనే రాసినాను కదమ్మా, ఒక్క తప్పు పోలేదు. సాగరికకైతే స్టాటిస్టిక్స్‌లో తొంభై ఎనిమిది."

హైమావతి నవ్వు ఆగిపోయింది. సాగరిక ఆమె ఎరిగిన పడవే. ఇంజను పాడై మూడు నెలలుగా ఇసుకలో పడుంది. అమ్మ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. సంచిలో ఆ ఎగస్ట్రా చేతులు పెట్టేది వీళ్లన్నమాట.

"నన్ను కూడా చేర్చండి నాయుడుగారూ. నాకు ఉద్యోగం పోతుంది."

ఆయన అప్పుడు తలెత్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. "నిన్ను కలిపితే నూట యాభై ఒకటి అవుతాది. కీ దాటిపోయినట్టు. ఎవరో ఒకరు ఫెయిలవ్వాల, అప్పుడే నీకు సందు."

"ఈ పదకొండు మందిలో ఒకర్ని ఫెయిల్ చెయ్యండి."

"ఎలగ సేస్తాను? ఫెయిల్ సెయ్యాలంటే తప్పు సూపించాల. తప్పు రాయాలంటే మనిషి ఉండాల కదమ్మా! లేని మనిషి తప్పు రాయడు."

హైమావతి ప్రిన్సిపాల్ గది బయటి బల్ల దగ్గరికి తిరిగి వచ్చి కూర్చుంది. ఆ మాట ఆమె వెంటే వచ్చింది. ఐదు రోజులు ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసింది.

*

ముప్ఫయ్యో తేదీ ఉదయం పది గంటలకు బృందం దిగింది. ముగ్గురు సభ్యులు, ఒక ఛైర్మన్ గారు. ఛైర్మన్ గారు ఒకప్పుడు ఇలాంటి కాలేజీకే ప్రిన్సిపాల్‌గా చేసి, ఇప్పుడు మిగతావాళ్లను పరీక్షించే స్థాయికి ఎదిగారు. ఆయన ఉత్తీర్ణత శాతం దగ్గర వేలు పెట్టి ఆగారు.

"నూట ఏడు పాయింట్ ఒకటి నాలుగు?"

భూషణరావు గారు తీర్మానం కాపీ అందించారు. ఛైర్మన్ గారు ముద్రలు, సంతకాలు, తేదీ, ఫైలు నెంబరు ఒక్కొక్కటే చూశారు.

"సక్రమంగా ఉంది. మిగతా కళాశాలలన్నీ నూరు దగ్గరే ఆగిపోతున్నాయి. దేశానికి ఇలాంటి ఆకాంక్ష కావాలి. ఇక అభ్యసన ఫలితాల సాక్ష్యాధారిత పరిశీలన. ఉత్తీర్ణులైన ఒక విద్యార్థితో ముఖాముఖి మాట్లాడాలి." ఆయన వేలు జాబితా మీద జారి, పెద్ద అంకె దగ్గర నిలిచింది. "ఈమె. సాగరిక. స్టాటిస్టిక్స్ తొంభై ఎనిమిది. పిలిపించండి."

భూషణరావు గారు గదిలోంచి బయటకు వచ్చిన తీరు నడకలా లేదు. వరండాలో బల్ల మీద హైమావతి కూర్చుని ఉంది. అప్పటికి పదకొండున్నర.

"అమ్మా హైమావతీ! కాలేజీ పరువు నీ చేతుల్లో ఉంది. అరగంట సాగరికవైపోవాలి."

"నాకేమిటి సార్?"

"సహాయం చేసినవాళ్లను ఈ సంస్థ ఎన్నడూ మరువదు. వచ్చే ఏడాది నీ విషయం సానుభూతితో..."

"ఇవాళ సాయంత్రం ఐదింటికి నా ఉద్యోగం పోతుంది సార్."

"నూట యాభై నిండిపోయారమ్మా! నా చేతిలో ఏముంది? ఒక్క మాట. ఏడో లెక్క అడిగితే జవాబేమిటో తెలుసుగా?"

"తెలుసు సార్," అని హైమావతి లేచింది. చున్నీ సరిచేసుకుంది. లోపలికి నడిచింది.

ఛైర్మన్ గారు మర్యాదస్తుడు. కుర్చీ చూపించారు. "నీ పేరు?"

"సాగరిక సార్."

"మీ నాన్నగారు?"

హైమావతి పడవ యజమానిని తలుచుకుంది. "రేవులో ఉంటారు సార్. ఇంజను పని."

దాలినాయుడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఛైర్మన్ గారు కాలేజీ ప్రశ్నల పుస్తకం తెరిచారు. పేజీలు తిప్పారు. అన్నేళ్లుగా నలిగిన పుస్తకం, ఎక్కువగా తెరిచిన చోటే తనంతట తాను తెరుచుకుంది. "ఏడో లెక్క. సంచిలో ఐదు ఎర్ర బంతులు, మూడు నల్ల బంతులు. రెండు తీస్తే చెరో రంగూ వచ్చే సంభావ్యత?"

భూషణరావు గారు చిరునవ్వుతో ఆమె వైపు చూశారు. అచ్యుతరావు మాస్టారు తల వంచుకుని తన చెప్పుల వైపు చూస్తున్నారు.

హైమావతి తొందరపడలేదు. "పదిహేను బై ఇరవై ఎనిమిది సార్."

ఛైర్మన్ గారు పుస్తకంలోంచి తలెత్తారు.

"మళ్లీ చెప్పు."

"పదిహేను బై ఇరవై ఎనిమిది. సగం కంటే కొంచెం ఎక్కువ. ఏ సంచిలోంచి తీసినా అంతే సార్."

ఛైర్మన్ గారు పుస్తకం చివర ఉన్న కీ తీశారు. ఏడో నెంబరు వెతికారు. పోల్చి చూశారు. ఒకసారి ఆమె ముఖం, ఒకసారి కీ. చాలా సేపు ఆలోచించవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

"తప్పు."

"అది సరైనదే సార్," అంది హైమావతి వినయంగా, అగ్గి మీద కిరసనాయిలు పోస్తున్నట్టు.

"పైగా మొండితనం! ప్రిన్సిపాల్ గారూ, తొంభై ఎనిమిది మార్కులు వచ్చిన అమ్మాయికి కీ తెలియదు. ఈ మార్కులు ఎలా వచ్చాయో నేను అడగను. అడిగితే నేను రాయవలసి వస్తుంది. ఈ సాగరిక ఉత్తీర్ణతను రద్దు చేయండి. మూడున్నరకల్లా సవరించిన జాబితా నా ముందుండాలి. నాలుగున్నరకి నా రైలు."

*

మధ్యాహ్నం భోజనాలు ఎవరూ చేయలేదు. సంఘం అత్యవసరంగా కూర్చుంది. నూట యాభైలోంచి ఒకటి పోతే నూట నలభై తొమ్మిది. నూటికి నూట ఆరు చిల్లర. కీ కంటే తక్కువ. తీర్మానంలో 'తగ్గుట గాని' అన్న మాట రాయించింది ప్రిన్సిపాల్ గారే.

"అనామతు ఖాతాలో ఒక విద్యార్థిని వేసేద్దాం," అన్నారు అకౌంటింగు మేడం.

"బల్లికి తోక ఊడితే కొత్తది మొలుస్తుంది సార్. ఇంకో పేరు పుట్టిద్దాం," అన్నారు బయాలజీ మాస్టారు.

"కుదరదు," అన్నారు కంప్యూటర్ల సారు బిక్కముఖంతో. "బృందం వచ్చిన నిమిషం నుంచి కొత్త పేర్లు తీసుకోవడం ఆగిపోయింది. ఉన్న పేర్లలోనే ఒకర్ని పాస్ చెయ్యాలి. ఉన్నవాళ్లలో ఫెయిలైంది..."

ఆయన మాట పూర్తి చేయలేదు. నలుగురూ ఒకేసారి తలుపు వైపు చూశారు. తలుపు తెరిచే ఉంది. వరండాలో బల్ల మీద కూర్చున్న హైమావతి గోడ గడియారం చూస్తోంది. రెండూ నలభై.

లోపలికి పిలిచారు. భూషణరావు గారు గొంతు సవరించుకున్నారు. "నీ జవాబు పత్రాన్ని సంఘం పునఃపరిశీలించింది. ఏడో లెక్కలో నువ్వు పైన పదిహేను రాశావు. కీలోనూ పైన పదిహేనే ఉంది. తేడా కింద మాత్రమే. పైసగం సరిపోయింది కాబట్టి ఐదులో సగం, రెండున్నర మార్కులు. ముప్ఫై మూడూ రెండున్నరా ముప్ఫై ఐదున్నర. ఉత్తీర్ణురాలివి."

హైమావతి ఆ లెక్క మనసులో వేసి చూసుకుంది. తర్వాత అడిగింది. "ఈ మాట మొదటిరోజే అని ఉండొచ్చు కదా సార్?"

"అప్పుడు అవసరం నీది, అమ్మా. ఇప్పుడు సంస్థది."

దాలినాయుడు రెండు రిజిస్టర్లు తెచ్చాడు. ఫెయిలైనవాళ్ల రిజిస్టరులో రద్దు ఉత్తర్వు అందినట్టు సాగరిక సంతకం కావాలి. పాసైనవాళ్ల రిజిస్టరులో హైమావతి సంతకం కావాలి. మొదటిదాంట్లో ఆమె సాగరిక అని రాసింది. పెన్ను మార్చుకుని రెండోదాంట్లో తన పేరు రాసింది.

సూపరింటెండెంటు ఆమె వైపు అదోలా చూశాడు. "కావాలనే సెప్పినావు కదూ, ఆ జవాబు?"

"లేని మనిషి తప్పు రాయదని మీరే అన్నారు కదండీ. పాపం, మనిషి లేక ఆ తప్పు ఆగిపోయింది. కాసేపు నేనున్నాను."

"తప్పేటమ్మా, నువ్వు సెప్పింది ఒప్పే కదా?"

"అందుకే కదండీ ఫెయిలైంది."

సర్టిఫికెట్టు మీద ప్రిన్సిపాల్ సంతకం పడేసరికి నాలుగూ ఇరవై. ఛైర్మన్ గారి కారు వెళ్లేదాకా ముద్ర దొరకలేదు. అచ్యుతరావు మాస్టారు ఆమెను తన పాత స్కూటరు ఎక్కించుకున్నారు. రేవు ఆఫీసు మెట్ల దగ్గర దింపి, "పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో ఆ జవాబు పైకి చెప్పినదానివి నువ్వొక్కతివే," అన్నారు.

"నేను చెప్పలేదు సార్. సాగరిక చెప్పింది."

లోపల బెంచీ మీద ఫైలు పట్టుకుని రెండో స్థానం అబ్బాయి కూర్చుని ఉన్నాడు. గోడ గడియారంలో నాలుగూ యాభై రెండు.

"వచ్చిందా అండీ?" అని లేచి నిలబడ్డాడు.

"వచ్చిందండీ," అంది హైమావతి.

*

కాలేజీకి ఆ ఏడు పై గ్రేడు వచ్చింది.

మరుసటి జూన్‌లో ఒక ఉదయం హైమావతి రేవులో నిలబడి, దిగుతున్న బుట్టల్లోంచి చూడకుండా కొన్ని చేపలు తీసి, లెక్క రాసుకుంటోంది. బుట్టలో ఉన్నవాటి కంటే ఎక్కువ ఎప్పుడూ రాలేదు. ఫోను మోగింది. అచ్యుతరావు మాస్టారు.

"అమ్మా, శుభవార్త. సాగరిక పాసైపోయింది!"

"ఏ సాగరిక సార్? పడవా? అది నిన్ననే నీళ్లలోకి దింపారు."

"మన సాగరికమ్మా! ఫెయిలైనవాళ్లు సప్లిమెంటరీ రాయకపోతే ఫైలు మూతపడదట. నాయుడే ఫీజు కట్టాడు. స్టాటిస్టిక్స్‌లో నూటికి నూట ఏడు."

హైమావతి పెన్ను ఆపింది. ఆ కాలేజీలో సరైన జవాబు పైకి చెప్పి ఫెయిలైన ఒకే ఒక్క పిల్ల కదా అది. దానిమీద తనకు తెలియకుండానే ఏదో నమ్మకం పెట్టుకున్నట్టుంది.

"ఏడో లెక్కకి ఏం రాసింది సార్?"

"ఏం రాస్తాది?" అన్నారు మాస్టారు. "ఈసారి ఆఖరి క్లాసుకి వచ్చింది కదా."